గాలితో మేకులు కొట్టే గన్ను

రోడ్డు పక్కన పంక్చరు షాపు అందరూ చూసే ఉంటారు. అక్కడ ఒక ఇనుప ట్యాంకు ఉంటుంది. దానికి ఒక మోటారు ఉంటుంది. మోటారు తిరిగితే బయటి గాలి ట్యాంకులోకి పోతుంది. అక్కడ గట్టిగా బిగుసుకుని ఉంటుంది. పైపు పెట్టి నొక్కితే ఆ గాలే టైరులోకి పోతుంది. ఈ మిషనును కంప్రెసర్ అంటారు.

ఈ గాలి టైర్లు నింపడానికే కాదు. మేకులు కొట్టడానికి కూడా పనికొస్తుంది. అందుకు ఒక గన్ను ఉంది. చూడడానికి పెద్ద తుపాకీలాగా ఉంటుంది. కంప్రెసర్ పైపు దానికి తగిలిస్తారు. లోపల మేకులు నింపుతారు. చెక్క మీద ఆనించి మీట నొక్కితే చాలు. టప్ మని మేకు దిగిపోతుంది. సుత్తి అక్కరలేదు.

పని తొందరగా అవుతుంది. కానీ చెక్కలో దిగే మేకు చేతిలో కూడా దిగుతుంది. అందుకే ఈ గన్ను సంగతి తెలుసుకోవాలి. దాన్ని పట్టుకునేవాళ్ళే కాదు, పక్కన పలక పట్టుకునేవాళ్ళు కూడా తెలుసుకోవాలి.

(మేకును కొన్ని ఊళ్ళలో మొల అంటారు. కొన్ని ఊళ్ళలో చీల అంటారు. ఈ పాఠంలో మేకు అన్న మాటే ఉంటుంది.)

ఎక్కడ వాడతారు?

అమెరికాలో, కెనడాలో చాలా ఇళ్ళ కప్పులు చెక్కతో కడతారు. వాన దిగకుండా చెక్క మీద తారు పలకలు పరుస్తారు. ఒక్కో పలకకు మామూలుగా 4 మేకులు కొడతారు. పెద్ద గాలులు వీచే చోట 6 కొడతారు. ఒక ఇంటి కప్పుకు వేల మేకులు కావాలి. సుత్తితో కొడితే భుజాలు పడిపోతాయి. అందుకని కప్పు పని కోసం ప్రత్యేకంగా ఒక గన్ను తయారు చేశారు. దాన్ని రూఫింగ్ నెయిలర్ అంటారు. అందులో మేకులు చుట్టగా చుట్టి ఉంటాయి. ఒక్కో చుట్టలో మామూలుగా 120 మేకులు ఉంటాయి.

మన ఊళ్ళలో కప్పులు వేరు. స్లాబు ఉంటుంది, పెంకులు ఉంటాయి, రేకులు ఉంటాయి. వీటికి ఈ గన్ను పనికిరాదు. స్లాబు మీద కొడితే మేకు తిరిగి ఎగిరి వస్తుంది. సిమెంటు రేకు మీద కొడితే రేకు పగులుతుంది. ఇనుప పైపు మీద కొడితే మేకు ఎటు పోతుందో చెప్పలేం. రేకులను హుక్కులతోనో, స్క్రూలతోనో బిగించాలి.

మరి మన దగ్గర ఎక్కడ కనిపిస్తుంది? చెక్క పెట్టెలు చేసే చోట కనిపిస్తుంది. సరుకు కింద వేసే చెక్క బల్లలు చేసే చోట కనిపిస్తుంది. ఈ బల్లలను ప్యాలెట్లు అంటారు. వీటికి వాడేది కూడా చుట్ట మేకుల గన్నే. కాకపోతే మేకులు కొంచెం పొడవు. పని చేసే తీరు మాత్రం ఒక్కటే. జాగ్రత్తలూ ఒక్కటే.

లోపల ఏం జరుగుతుంది?

సైకిల్ పంపు గుర్తు తెచ్చుకోండి. చేత్తో కడ్డీని కిందికి నొక్కితే గాలి బయటికి పోతుంది. గన్నులో దీనికి తిరగబడి జరుగుతుంది. గాలే వచ్చి కడ్డీని నెడుతుంది. ఆ కడ్డీ మేకు తల మీద కొడుతుంది. మేకు మూతిలోంచి బయటికి వచ్చి చెక్కలో దిగుతుంది. కడ్డీ మళ్ళీ పైకి పోతుంది. ఇంకో మేకు ముందుకు జరుగుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది.

కారు టైరులో గాలి 30, 35 పౌండ్లు ఉంటుంది. ఈ గన్నుకు 70 నుంచి 120 పౌండ్ల గాలి కావాలి. అంటే కారు టైరు కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. దాని బలం అంత.

గన్నుకు రెండు తాళాలు

గన్ను దానంతట అది పేలకుండా రెండు ఏర్పాట్లు ఉంటాయి.

ఒకటి మీట. వేలితో నొక్కేది.

రెండోది మూతి దగ్గర ఉండే ఇనుప ముక్క. దానికి స్ప్రింగు ఉంటుంది. గన్నును చెక్కకు ఆనించి నొక్కితే ఆ ముక్క లోపలికి పోతుంది. వదిలితే బయటికి వస్తుంది. అది లోపలికి పోతేనే మేకు వస్తుంది.

రెండు తాళాలూ తెరిస్తేనే గన్ను కొట్టాలి. కొందరు పని తొందరలో మూతి ముక్కను తీగతో కట్టేస్తారు. స్ప్రింగు పీకేస్తారు. ఇది చాలా పెద్ద తప్పు. ఇంటికి తాళం తీసి దొంగను పిలిచినట్టే. అలాంటి గన్ను దగ్గర ఎవరూ నిలబడకూడదు.

మీటల్లో కూడా రెండు రకాలు ఉన్నాయి. ఒక రకంలో ముందు మూతి ఆనించాలి. తర్వాత మీట నొక్కాలి. ఒక మేకు వస్తుంది. ఇంకో మేకు కావాలంటే మళ్ళీ మొదటి నుంచి చేయాలి. ఇది మంచి రకం.

రెండో రకంలో మీట నొక్కి పట్టుకుంటే చాలు. మూతి ఎక్కడ తగిలితే అక్కడ మేకు దిగుతుంది. చెక్క తగిలినా దిగుతుంది. తొడ తగిలినా దిగుతుంది. మేకు కొట్టగానే గన్ను వెనక్కి ఎగురుతుంది. మళ్ళీ కిందికి పడుతుంది. వేలు మీట మీదే ఉంటే రెండో మేకు వచ్చేస్తుంది. పక్కన చెయ్యి ఉంటే చేతిలో దిగుతుంది. ఈ రకం గన్నుతో దెబ్బలు ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మొదటి రకమే ఇవ్వాలి.

పని మొదలుపెట్టే ముందు

ఇవి వరుసగా చేయాలి. ఏదీ దాటెయ్యకూడదు.

1. ముందు మనిషి సిద్ధం కావాలి. కొంగు దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. కాలికి బూట్లు ఉండాలి. కళ్ళకు గట్టి అద్దాలు పెట్టుకోవాలి. పక్కల నుంచి కూడా కన్నును కప్పే అద్దాలు కావాలి. మామూలు చూపు అద్దాలు చాలవు. చెవుల్లో బిరడాలు పెట్టుకోవాలి. ఈ చప్పుడు రోజూ వింటే చెవుడు వస్తుంది. అద్దాలు, బిరడాలు ఇవ్వడం యజమాని బాధ్యత. మొహమాటపడకుండా అడగాలి. పక్కన పలక పట్టేవాళ్ళకు కూడా ఇవి కావాలి.

2. గన్నుకు గాలి పైపు లేకుండా చూసుకోవాలి. మేకులు కూడా ఉండకూడదు. అప్పుడు స్క్రూలు బిగువుగా ఉన్నాయా చూడాలి. మూతి ముక్కను చెక్కకు నొక్కి వదలాలి. అది లోపలికి పోయి చక్కగా బయటికి రావాలి. ఇరుక్కుంటే ఆ గన్ను వాడకూడదు.

3. గాలి పోయే రంధ్రంలో నాలుగైదు చుక్కల నూనె వేయాలి. గాలి పనిముట్లకు వేరే నూనె దొరుకుతుంది. అదే వేయాలి. కొబ్బరి నూనె, వంట నూనె వేయకూడదు. కొన్ని గన్నులకు నూనె అక్కరలేదు. ఆ సంగతి గన్నుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

4. కంప్రెసర్ చదునైన నేల మీద ఉండాలి. బెల్టు మీద మూత ఉండాలి. ప్లగ్గుకు మూడు పుల్లలు ఉండాలి. మూడో పుల్ల ఎర్త్ కోసం. గాలిలోని తేమ వల్ల ట్యాంకు అడుగున నీళ్ళు చేరతాయి. పని అయ్యాక రోజూ ఆ నీళ్ళు వదిలేయాలి. లేకపోతే ట్యాంకు లోపల తుప్పు పడుతుంది.

5. పైపు ఎక్కడా చీలి ఉండకూడదు. నడిచే దారికి అడ్డంగా ఉండకూడదు.

6. పైపును తగిలించే ముక్కను కప్లింగ్ అంటారు. పైపు ఊడదీయగానే గన్నులో మిగిలిన గాలి బుస్సుమని పోవాలి. గన్ను వైపు అలాంటి కప్లింగే పెట్టాలి. గాలిని లోపలే పట్టి ఉంచే రకం పెట్టకూడదు. ఎందుకంటే పైపు తీసినా ఆ గాలితో ఇంకో మేకు రావచ్చు.

7. ఈ గన్నుకు కంప్రెసర్ గాలి ఒక్కటే వాడాలి. వెల్డింగు షాపులో ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది. ఇళ్ళలో వంట గ్యాసు సిలిండర్ ఉంటుంది. ఏ సిలిండరూ గన్నుకు తగిలించకూడదు. గన్ను పేలిపోతుంది. ప్రాణం పోతుంది.

రెండు అంకెలు చదవాలి

ఇక్కడ చదువు పనికొస్తుంది.

గన్ను మీద ఒక అంకె రాసి ఉంటుంది. ఆ గన్ను తట్టుకోగల గాలి అంతే. ఉదాహరణకు 120 అని ఉంటుంది. అంతకు మించి గాలి పంపకూడదు. ఇది మొదటి అంకె.

కంప్రెసర్ మీద గడియారంలాంటి బిళ్ళ ఉంటుంది. అందులో ముల్లు ఉంటుంది. ముల్లు ఏ అంకె మీద ఉంటే గాలి అంత ఉందన్నమాట. ఇది రెండో అంకె.

కంప్రెసర్ మీద తరచుగా రెండు బిళ్ళలు ఉంటాయి. ఒకటి ట్యాంకులో ఉన్న గాలి చూపిస్తుంది. రెండోది పైపులోకి పోయే గాలి చూపిస్తుంది. చూడవలసింది ఈ రెండోదే. దాని పక్కన తిప్పే మర ఉంటుంది. దాన్ని తిప్పి గాలి పెంచవచ్చు, తగ్గించవచ్చు.

ఇంకో సంగతి. ఒకే బిళ్ళ మీద రెండు వరుసల అంకెలు ఉండవచ్చు. ఒక వరుస పౌండ్లు. ఇంకో వరుస బార్లు. 1 బారు అంటే సుమారు 14న్నర పౌండ్లు. 7 బార్లు అంటే దాదాపు 100 పౌండ్లు. గన్ను మీద పౌండ్లలో ఉంటే బిళ్ళ మీద కూడా పౌండ్లే చూడాలి. బియ్యం కిలోల్లో కొని శేర్లలో లెక్క చూస్తే ఎట్లా కుదురుతుంది? ఇదీ అంతే.

మొదట 70 పౌండ్లతో మొదలుపెట్టాలి. పనికిరాని చెక్క ముక్క మీద కొట్టి చూడాలి. మేకు తల పైకి నిలబడి ఉంటే గాలి చాలలేదు. కొంచెం పెంచాలి. మేకు తల చెక్కలోకి కూరుకుపోతే గాలి ఎక్కువైంది. తగ్గించాలి. తల చెక్కతో సమానంగా ఉంటే సరిపోయింది.

ఖాళీ గన్నుతో పరీక్ష

మేకులు నింపక ముందే ఈ పరీక్ష చేయాలి. గన్ను ఖాళీగా ఉందని కళ్ళతో చూడాలి. మూతిని నేల వైపు పెట్టాలి. కాళ్ళకు దూరంగా పెట్టాలి. అప్పుడు గాలి పైపు తగిలించాలి. తగిలించేటప్పుడు వేలు మీట మీద ఉండకూడదు.

ఎక్కడన్నా గాలి కారుతున్న చప్పుడు వస్తోందా వినాలి. తర్వాత మూడు పనులు చేయాలి.

ఒకటి: మీట ముట్టుకోకుండా మూతిని చెక్కకు నొక్కాలి. గన్ను కొట్టకూడదు.

రెండు: మూతిని దేనికీ ఆనించకుండా మీట నొక్కాలి. గన్ను కొట్టకూడదు.

మూడు: మూతిని చెక్కకు ఆనించి మీట నొక్కాలి. ఇప్పుడు కొట్టాలి.

మొదటి రెండింటిలో ఏ ఒక్కసారి కొట్టినా ఆ గన్ను పాడైనట్టే. పక్కన పెట్టాలి. బాగు చేయించాకే వాడాలి.

పరీక్ష అయ్యాక గాలి పైపు తీసేయాలి.

మేకులు నింపడం

అన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. గాలి తీశామా?

పొయ్యి మీద చెయ్యి పెట్టేముందు మంట ఉందా లేదా చూస్తాం కదా. ఇదీ అలాంటిదే. నింపేటప్పుడు చేతులు మూతి దగ్గరికి పోతాయి. గాలి ఉంటే ఆ చేతులకే ప్రమాదం.

1. గాలి పైపు ఊడదీయాలి.

2. వేలు మీట మీద నుంచి తీయాలి. మూతి ఎవరి వైపూ ఉండకూడదు. తన వైపు కూడా ఉండకూడదు.

3. గొళ్ళెం తీసి మేకుల డబ్బా మూత తెరవాలి.

4. డబ్బా లోపల ఒక పళ్ళెం ఉంటుంది. దాన్ని పైకీ కిందికీ జరపవచ్చు. మేకు పొడవును బట్టి జరపాలి. పొట్టి మేకులకు ఒక చోట, పొడవు మేకులకు ఒక చోట పెట్టాలి. ఇది సరిగా లేకపోతే మేకులు ఇరుక్కుంటాయి.

5. మేకుల చుట్టను పళ్ళెం మీద పెట్టాలి. ఆ గన్నుకు చెప్పిన మేకులే వాడాలి. కప్పు గన్నుకు ముప్పావు అంగుళం నుంచి ఒకటిముప్పావు అంగుళం దాకా మేకులు వాడతారు. ప్యాలెట్ల గన్నుకు ఇంకా పొడవైనవి వాడతారు. ఒకదాని మేకులు ఇంకోదానికి పట్టవు. వంగిన చుట్ట, తుప్పు పట్టిన చుట్ట వాడకూడదు.

6. చుట్ట చివర కొంచెం విప్పాలి. మొదటి మేకును మూతిలోని గాడిలో పెట్టాలి. రెండో మేకు మేకులను జరిపే పళ్ళ మధ్య కూర్చోవాలి. మేకుల తలలు వాటి గాడిలోనే ఉండాలి.

7. మూత వేసి గొళ్ళెం పెట్టాలి. మూత పడకపోతే బలవంతంగా కొట్టకూడదు. లోపల ఏదో మేకు పక్కకు జరిగి ఉంటుంది. మళ్ళీ తెరిచి సరిచేయాలి.

8. మూతిని నేల వైపు పెట్టి, వేలు మీటకు దూరంగా ఉంచి, అప్పుడు గాలి పైపు తగిలించాలి. తగిలించే క్షణంలో గన్ను ఒకసారి దానంతట అదే కొట్టవచ్చు. అందుకే ఎదురుగా ఎవరూ ఉండకూడదు.

కొన్ని కంపెనీల పుస్తకాల్లో వేరేగా ఉంటుంది. ఖాళీ గన్నుకు ముందు గాలి తగిలించి, తర్వాత మేకులు నింపమని రాస్తారు. తగిలించే క్షణంలో మేకు రాకుండా అట్లా చెబుతారు. ఆ గన్నుకు ఆ పుస్తకమే ప్రమాణం. అప్పుడు కూడా వేలు మీట మీద ఉండకూడదు. మూతి ముక్క నొక్కుకుని ఉండకూడదు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటే తెలిసినవాళ్ళ చేత చదివించుకోవాలి.

పలక పట్టుకునే చెయ్యి

చాలాచోట్ల ఒకరు గన్ను పడతారు. ఇంకొకరు పలక పడతారు. పలక పట్టేవాళ్ళకు ప్రమాదం తక్కువేమీ కాదు.

చెక్కలో ముడి ఉంటుంది. ముడికి తగిలితే మేకు వంగుతుంది. వంగి పలక పక్క నుంచి బయటికి వస్తుంది. పాత మేకుకు తగిలినా అంతే. పలక పలచగా ఉంటే మేకు అవతలికి దూసుకుపోతుంది. అందుకని మేకు పడే చోటికి చెయ్యి ఒక అడుగు దూరంలో ఉండాలి. పలక వెనక చెయ్యి పెట్టకూడదు. గన్ను ఎదురుగా నిలబడకూడదు. ముక్క చిన్నదైతే చేత్తో పట్టకూడదు. బిగింపు పెట్టి కొట్టాలి.

ఇద్దరూ మాట్లాడుకుంటూ పని చేయాలి. పలక సర్దేముందు అడగాలి.

“తమ్ముడూ, వేలు తీశావా?”

“తీశానక్కా, సర్దు.”

మేకులు నింపేముందు కూడా అడగాలి.

“గాలి తీశావా?”

“తీశానక్కా. ఇదిగో పైపు.”

ఈ రెండు ప్రశ్నలు అడగడానికి సిగ్గుపడకూడదు. ‘ఆడమనిషి నాకు చెప్పేదేంటి’ అని ఎవరన్నా అనవచ్చు. చెయ్యి ఎవరిదో వాళ్ళే అడగాలి.

అమెరికాలో 2001 నుంచి 2005 దాకా లెక్క తీశారు. అన్ని రకాల మేకుల గన్నులూ కలిపి, ఏడాదికి సుమారు 37,000 మంది దెబ్బలతో ఆసుపత్రికి వచ్చారు. ఎక్కువ దెబ్బలు చేతికీ వేళ్ళకే. అన్ని సౌకర్యాలూ ఉన్న దేశంలోనే అట్లా ఉంది.

మేకు ఇరుక్కుంటే

ముందు గాలి తీయాలి. తర్వాతే మూత తెరవాలి. వంగిన మేకును పట్టకారుతో తీయాలి. గాలి ఉండగా మూతిలోకి చూడకూడదు. వేలు పెట్టకూడదు.

గన్నును ఇంకొకరికి ఇచ్చేటప్పుడు గాలి తీయాలి. నిచ్చెన ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తీయాలి. అన్నానికి పోయేటప్పుడు తీయాలి. పిల్లలు ఆ చుట్టుపక్కల తిరగకూడదు. కప్పు మీద పని చేసేవాళ్ళు వెనక్కి వెనక్కి నడుస్తూ కొట్టకూడదు. అంచు ఎక్కడుందో కనపడదు.

దెబ్బ తగిలితే

మేకు లోతుగా దిగితే అక్కడే పీకకూడదు. పీకితే రక్తం ఎక్కువ పోవచ్చు. నరం తెగవచ్చు. మేకు కదలకుండా చుట్టూ శుభ్రమైన గుడ్డ పెట్టాలి. వెంటనే ఆసుపత్రికి పోవాలి. 108కి ఫోను చేయవచ్చు. కంటికి తగిలితే కన్ను నలపకూడదు, నొక్కకూడదు. పసుపు, సున్నం, కాఫీ పొడి పెట్టకూడదు. చిన్న దెబ్బే అనిపించినా డాక్టరుకు చూపించాలి. ధనుర్వాతం రాకుండా ఇంజక్షను అవసరమేమో అడగాలి.

దెబ్బ తగిలిన తేదీ, సమయం, చోటు ఒక కాగితం మీద రాసుకోవాలి. చూసినవాళ్ళ పేర్లు రాసుకోవాలి. ఆసుపత్రి కాగితాలు దాచుకోవాలి. పనిలో దెబ్బ తగిలిన కూలీకి నష్టపరిహారం ఇవ్వాలని మన దేశంలో 1923లోనే చట్టం వచ్చింది. ఇప్పటికీ ఆ హక్కు ఉంది. హక్కు అడగడానికి కాగితం కావాలి. ఆ కాగితం ఇప్పుడు ఎవరికి వారే రాసుకోగలరు.

గుర్తుంచుకోండి

గాలి తీయకుండా మూతి దగ్గర చెయ్యి పెట్టకూడదు.
మేకు కొట్టేటప్పుడు తప్ప మీట మీద వేలు ఉండకూడదు.
గన్ను మీది అంకెను బిళ్ళ మీది ముల్లు దాటకూడదు.
మూతి ముక్కను ఎప్పుడూ కట్టేయకూడదు.
కళ్ళకు అద్దాలు లేకుండా పనిలో దిగకూడదు.

మాట్లాడుకోండి

1. మీ ఊరి పంక్చరు షాపులో కంప్రెసర్ చూడండి. ముల్లు ఏ అంకె మీద ఉంది? అది పౌండ్లా, బార్లా?
2. మీరు పని చేసే చోట ఏ మిషన్లు ఉన్నాయి? వాటి మీద ఏమేం రాసి ఉంది? చదివి నోటుపుస్తకంలో రాయండి.
3. ‘తొందరగా కానియ్, గాలి తీసే టైము లేదు’ అని మేస్త్రీ అంటే ఏం చెప్పాలి? ఒక్కరే చెబితే మేలా, అందరూ కలిసి చెబితే మేలా?